ఎడమ చేతికి తగిలిన బంతి

బళ్ళారిలో మా క్లబ్బు తరఫున పద్నాలుగేళ్ళు ఆడాను. అన్నేళ్ళలో ఒకే ఒక్క మ్యాచ్ గురించి జనం ఇప్పటికీ నాతో మాట్లాడతారు. బస్టాండులోనో మందుల షాపు దగ్గరో పాత ఆటగాడెవరైనా ఎదురైతే, "ఏమప్పా, ఆరు వికెట్లు!" అని భుజం తడతాడు. నేను నవ్వి, ఏదో పనున్నట్టు అక్కణ్ణుంచి కదిలిపోతాను.

ఆ ఆరింటిలో నాలుగు నిజానికి మా వికెట్ కీపర్‌వి. ఆయన సిరుగుప్ప రూటు బస్సులో కండక్టరు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, 'అన్నా' అని పిలిచేవాణ్ణి. నేను లెగ్ స్పిన్ వేసేవాణ్ణి. బంతి ఎటు తిరుగుతుందో ఒక్కోసారి నాకే తెలిసేది కాదు గానీ, స్టంపుల వెనక కూర్చున్న ఆయనకు తెలిసేది. ఆయన రాని రోజున నా బంతులు వేరే కీపర్ కాళ్ళ మధ్య నుంచి బౌండరీకి పోయేవి. రెండు ఓవర్లకే కెప్టెన్ నన్ను ఆపేసేవాడు.

ఆ మ్యాచ్‌కు ముందు ఏడాది ఆయన కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ మణికట్టు పైన రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. అక్కడ చర్మం కింద తాడులా ఉబ్బి ఉండేది. వేలు ఆనిస్తే సన్నగా అదిరేది, చెవికి ఆనించుకుంటే గుర్రుమని మోత వినిపించేది. ఆ మోత ఉన్నంతకాలం రక్తం పారుతున్నట్టు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దానికి దెబ్బ తగలకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు. ఇవన్నీ వదిన నాకు ఒక్కొక్కటిగా చెబుతుంటే ఆయన పక్కనే కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. క్లబ్బులో మాత్రం కామెర్లు వచ్చి తగ్గాయని చెప్పుకున్నాడు. అసలు సంగతి తెలిసింది నా ఒక్కడికే.

సెమీఫైనల్ ఆదివారం నాడు, కంటోన్మెంట్ వైపు గ్రౌండులో. మార్చి ఎండ. బండి నిలబెట్టి చూస్తే ఆయన చేతులు పూర్తిగా కప్పే చొక్కా వేసుకుని, కిట్ బ్యాగు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"అన్నా, నువ్వెందుకు వచ్చినావు?"

"ఇంట్లో సుమ్నె, ఊరికే చూసొస్తానని చెప్పినా." చొక్కా చెయ్యి కొంచెం పైకి లాగి చూపించాడు. మోచేతి దాకా గుడ్డ పట్టీ చుట్టుకుని ఉన్నాడు. "ఒక్క మ్యాచ్ అప్పా. ఇంగ మళ్ళ ఆడేది ఉండాదో లేదో. నువ్వు ఎవురికీ చెప్పొద్దు."

"తగిల్తే?"

"ఇరవై ఏండ్లు బాల్ పట్టినోన్ని. తగలనిస్తానా?"

నేను వెళ్ళి కెప్టెన్‌తో చెప్పాల్సింది. కనీసం వదినకు ఫోన్ చేయాల్సింది. నా మనసులో అప్పుడు మెదిలింది ఒకటే: ఈరోజు నా గూగ్లీ పట్టేవాడు ఉన్నాడు. దీన్ని ఎంత మెత్తగా చెప్పుకుందామన్నా మెత్తబడదు.

మేం ముందు ఆడి నూట యాభై పైచిలుకు కొట్టాం. హొసపేట నుంచి వచ్చినవాళ్ళు మూడు వికెట్లకు నూటపది దాకా సునాయాసంగా వచ్చేశారు. అప్పుడు కెప్టెన్ నాకు బంతి ఇచ్చాడు. రెండో బంతికే వాళ్ళ పెద్ద బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి బంతిని అందుకోలేకపోయాడు. వెనక్కి తిరిగేలోపు ఆయన బెయిల్స్ ఎగరగొట్టాడు. తర్వాతి ఓవర్లో ఒకణ్ణి నేనే బౌల్డ్ చేశాను. ఆ తర్వాత అంచు తాకిన సన్నని క్యాచ్ ఒకటి, ఇంకో స్టంపింగు. ప్రతి వికెట్‌కీ ఆయన పరుగెత్తుకొచ్చి కుడిచేతి గ్లవ్వుతో నా తల మీద తట్టి, "ఇట్లే ఎయ్యి, ఇట్లే" అనేవాడు. డ్రింక్స్‌కు ఆగినప్పుడు అందరూ నీళ్ళు నెత్తిన పోసుకుంటుంటే, ఆయన ఒక్క ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు ఎక్కువ తాగకూడదు. కళ్ళ కింద ఉబ్బు. అయినా అంత సంతోషంగా ఆయన్ని ఆ ఏడాదంతా చూడలేదు.

ఇంకొకడు అడ్డంగా బాది పాయింట్‌లో దొరికాడు. నాకు అయిదు. వాళ్ళకు ఇంకా రెండు వికెట్లు మిగిలాయి, పరుగులు పన్నెండు కావాలి. పిచ్ మీద పరిచిన మ్యాట్ అంచు ఒకచోట లేచి ఉంది. నా బంతి సరిగ్గా అక్కడ పడి, బ్యాట్‌కు అందకుండా పైకి లేచి ఆయన ఎడమ ముంజేతికి తగిలింది. చిన్న చప్పుడే. ఆయన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు.

నేను పరుగెత్తాను. ఆయన గ్లవ్వు విప్పి, మణికట్టు చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. స్లిప్‌లో ఉన్నవాడు, "ఏం అన్నా, గడియారం తిరుగుతాందా?" అంటే అందరూ నవ్వారు.

"అన్నా, బయటికి పోదాం రా," అన్నాను మెల్లగా.

"మోగుతాండాది. పో, బాల్ ఎయ్యి."

నేను వెనక్కి నడిచాను. ఇంకోసారి అడగలేదు. మూడు బంతుల తర్వాత ఆయనే నా ఆరో వికెట్ పట్టాడు, కుడిచేతికి దూరంగా పోతున్న బంతిని దూకి. ఆఖరివాడు రనౌట్. కుర్రాళ్ళు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆ ఎత్తు నుంచి చూస్తే ఆయన ఒక్క చేత్తో ప్యాడ్ల బకిల్స్ తీసుకుంటూ కనిపించాడు.

మూడో రోజు పొద్దున డయాలసిస్‌కు పోతే ఆ చెయ్యి మోగడం ఆగిపోయిందన్నారు. రక్తం గడ్డకట్టింది. డయాలసిస్ కోసం మెడలోకి గొట్టం వేశారు. నేను ఆసుపత్రికి వెళ్ళినప్పుడు వదిన వరండాలోకి పిలిచింది.

"ఆ పొద్దు చేతికేమన్నా తగిలిందా అప్పా? ఆడలేదు, సుమ్నె చూసినా అంటాండాడు."

"లేదు వదినా," అన్నాను.

మెడ గొట్టం దగ్గర చీము పట్టి, చలిజ్వరాలు మొదలయ్యాయి. వానాకాలం గడవకముందే ఆయన పోయాడు. దెబ్బ వల్ల కావచ్చు, బీపీ పడిపోయి కావచ్చు, ఒక్కోసారి ఊరికే కూడా గడ్డకడుతుందని డాక్టరు ఒకాయన నాతో అన్నాడు. ఏది నిజమో నాకు ఎప్పటికీ తెలియదు.

ఏడాది దాటాక ఒక సాయంత్రం వెళ్ళి వదినకు అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. చెయ్యి ఆగలేదు.

"ఆయప్ప చెప్పొద్దన్నాడు, సరే. నువ్వెట్ల ఒప్పుకొంటివి?"

"వికెట్ల కోసం వదినా."

ఒక రాయి ఏరి పక్కన పడేసింది. తర్వాత అంది, "ఆ సాయంత్రమే ఒక్క మాట చెప్పింటే, అప్పుడే డాక్టర్ తావుకి పిలుచుకొని పోతాంటి కదప్పా."

చేట పక్కన పెట్టి లేచింది.

"ఇంగ పో. పాప ట్యూషన్ నుంచి వచ్చే టైమైంది. దాని ముందర వద్దు."

ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. వాళ్ళమ్మాయి ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. దారిలో కనిపిస్తే ఆగి, "బాగుండావా చిన్నాయనా? ఇంటికి రావేం?" అని అడుగుతుంది. వదిన ఆ పిల్లకు ఏమీ చెప్పలేదు.