గడీ ముందు దిగిన సైకిళ్ళు

మొన్న దసరా సెలవుల్లో ఒక ఫోన్ వచ్చింది. ఎప్పుడో నా దగ్గర చదువుకున్న అమ్మాయి, ఇప్పుడు మక్తల్ దగ్గర ఒక బడిలో తానే ఆటల టీచరు. "సార్, పిల్లలను సైకిళ్ళ మీద గుట్టకు తీస్కపోతున్న. మీరు గుడ రావాలె. ముందల నేనుంట, మీరు ఎనుక మెల్లగ రాండ్రి" అంది. 'మెల్లగ' అన్న మాటకు నాకు రోషం వచ్చింది గాని నా మోకాళ్ళకు రాలేదు. రిటైరయ్యాక వరండాలో దుమ్ము పట్టిన సైకిల్‌ను బయటికి తీసి తుడుస్తుంటే మా ఇంటావిడ గడపలో నిలబడి చూసి, "దవాఖానకు గుడ ఆ పిల్లనే తీస్కపోతదా, లేకుంటె నేను తయారై ఉండాల్నా?" అని అడిగింది. నేను వినిపించుకోలేదు. చాలా ఏళ్ళుగా వినిపించుకోకపోవడమే మా కాపురానికి బలం.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఆత్మకూర్ వైపు ఒక హైస్కూల్లో వ్యాయామ టీచరును. పిల్లలు పీటీ సార్ అనేవాళ్ళు. పేరుకు నేను ఆటల సారునే గాని ఆడించడానికి మైదానం లేదు. ఉన్న జాగా అంతా సర్కారు తుమ్మ కమ్మేసింది. బడికి ఉన్న ఒక్క వాలీబాల్ రోజూ నాకంటే ముందే అలిసిపోయేది. అందుకని పిల్లలను తీసుకుని గుట్టలెక్కడం మొదలుపెట్టాను. మా వైపు గుట్టలకు కొదవ లేదు, టికెట్టూ లేదు. నున్నటి బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, వానాకాలం చివర కన్నువిచ్చిన పండ్ల వాసన. పైకెక్కితే ఎర్రచెలకలు ఒక పక్క, నల్లరేగళ్ళు ఒక పక్క, ఎండ తిరిగిన పూట దూరంగా కృష్ణ నీళ్ళ మెరుపు. అయితే తల్లిదండ్రులను ఒప్పించేసరికి నా తాతలు దిగివచ్చేవారు. "గుట్టెక్కి ఏం తెస్తరు సార్, కట్టెలా?" అని ఒక తల్లి నిజంగానే అడిగింది. ఏమీ తేమమ్మా, ఊరికే ఎక్కి దిగుతాం అంటే, ఆమె నా మొహంలోకి జాలిగా చూసింది. ఊరికే గుట్టెక్కే తీరిక ఆమె బతుకులో ఒక్కనాడూ లేదు. ఆ తర్వాత ఎవరడిగినా 'చదువులో భాగం' అని చెప్పడం నేర్చుకున్నాను.

గుట్టల దాకా సైకిళ్ళ మీదే పోయేవాళ్ళం. నిజం చెప్పాలంటే గుట్టలు పిల్లల కోసం, సైకిల్ నా కోసం. పల్లికాయ పీకే రోజుల్లో పొద్దున్నే చేన్ల మధ్య రోడ్డు మీద పోతుంటే పచ్చి మట్టి వాసన ముక్కు పుటాల్లోకి ఎక్కేది. మోటారు బండి మీద పోయేవాడికి ఆ వాసన అందదు. సర్కారు నౌకరి చేసుకుంటూ సైకిల్ మీద తిరిగితే, "బండి ఫైనాన్సోళ్ళు గుంజుకపోయిన్రా?" అని జనం అడుగుతున్నారని మా ఇంటావిడ తల పట్టుకునేది. పిల్లలకు నేను పెట్టిన రూలు ఒక్కటే. ముందు పోయే సైకిల్ ఆగితే అందరూ ఆగాలి, దిగితే అందరూ దిగాలి, ఎందుకని అడిగేది తర్వాత. ఇసుక ట్రాక్టర్లు తిరిగే రోడ్ల మీద అంతకంటే మంచి రూలు లేదని ఇప్పటికీ అంటాను.

ఒకసారి గుట్టకు అడ్డదారి అని మా సొంతూరి మీదుగా తీసుకుపోయాను. అడ్డదారి అన్నది సాకు. మెడలో విజిల్ వేసుకుని, వెనక పిల్లల వరుసతో నేను పోతుంటే మా ఊరివాళ్ళు చూడాలని నా కోరిక. ఊళ్ళోకి తిరగగానే దొర గడీ, ఒకప్పుడు ఊరినంతా ఏలిన కోటలాంటి ఇల్లు. గడీ అంటే అప్పటికే పేరు మాత్రమే. దొర పోయి చాలా కాలమైంది, ఆయన పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు. ప్రహరీ సగం కూలింది, తలుపులు ఎవరో ఎత్తుకుపోయారు, లోపల ఎవరిదో బర్రె కట్టేసి ఉంది. నేను పిల్లలకు ఏదో నవ్వులాట కథ చెబుతూ పోతున్నవాణ్ణి, గడీ ముందు వాకిలి కమాను దగ్గరికి రాగానే సైకిల్ దిగిపోయాను. దిగాలనుకుని దిగలేదు. కుడికాలు తనంత తానే సీటు మీదుగా వెనక్కి తిరిగి నేల మీదికి వచ్చింది. హ్యాండిల్ పట్టుకుని, తల వంచుకుని నడుస్తున్నాను. నాలుగడుగులు వేశాక వెనక చప్పుడు లేదని తోచి తిరిగి చూస్తే, పిల్లలందరూ దిగి, నేను మాట్లాడటం లేదు గనుక వాళ్ళూ మాట్లాడకుండా, నాలాగే తలలు వంచుకుని సైకిళ్ళు నడిపించుకుంటూ వస్తున్నారు. చూడటానికి గడీలో ఆ బర్రె ఒక్కటే ఉంది. అది నెమరు వేస్తూ మా మర్యాదను స్వీకరించింది.

ఊరి బయటి మా వాడ మనుషులు గడీ ముందు నుంచి సైకిల్ మీద పోకూడదు. అది మా నాయిన కాలపు కట్టడి. పాలేరు జీతగానిగా బతికిన నాయిన ఎంతో కష్టం మీద ఒక పాత సైకిల్ కొన్నాడు. నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని సంతకు తీసుకుపోయేవాడు. కమాను కనబడగానే దిగి, నన్ను దింపి, చెప్పులు విడిచి చేతబట్టుకుని నడిచేవాడు. ఎందుకు నాయినా అంటే, "జర కాళ్ళు సాగనీ బిడ్డా" అనేవాడు. నేను నిజంగానే కాళ్ళు సాచుకునేవాణ్ణి. అసలు సంగతి నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, కొంచెం పెద్దయ్యాక తెలిసిపోయింది, అంతే. తెలిశాక నాయిన మీద కోపం వచ్చింది. ఆయన బతికుండగా ఆ కోపం పూర్తిగా పోలేదు.

ఊరు దాటాక, వరుసలో నా వెనకే ఉన్న, మొన్న ఫోన్ చేసిన ఈ అమ్మాయే సైకిల్ పక్కకు తెచ్చి, "గాడ ఎందుకు దిగినం సార్?" అంది. చెప్పొచ్చు. చెప్పాల్సింది కూడా అప్పుడే. "గాడ రోడ్డు మంచిగ లేదు బిడ్డా" అన్నాను. ఆ ఏడే వేసిన సీసీ రోడ్డు అది. ఆ పిల్ల రోడ్డు దిక్కు ఒకసారి, నా దిక్కు ఒకసారి చూసి "సరే సార్" అంది. ఆ రోజు గుట్ట మీద పిల్లలు కోసి ఇచ్చిన సీతాఫలాన్ని తినకుండా బండ మీదనే పెట్టి వచ్చాను. పిల్లలంతా ఏ పాపం తెలియనివాళ్ళు, కొందరు మా వాడలాంటి వాడల పిల్లలే. నాయినను దొర దింపాడు. వీళ్ళను దింపింది నేను. వచ్చేటప్పుడు వేరే దారిన తీసుకొచ్చాను. ఆ దారిన మళ్ళీ పోలేదు, మరిచిపోయాననే అనుకున్నాను.

దసరా సెలవుల్లో ఆ అమ్మాయి వెంట మెల్లగా, చివరగా పోతున్నాను. ఆమె పిల్లలను మా ఊరి దారికే తిప్పింది. బహుశా నన్ను సంతోషపెట్టాలనే. కమాను దగ్గర ఆమె చెయ్యెత్తింది. పిల్లలందరూ టకటకా దిగారు. దిగి, తలలు వంచుకుని నడవసాగారు. ఒక చిన్న పిల్ల "ఎందుకు టీచర్?" అంటే, "గీడ దిగి నడవాలె. మా సార్ పెట్టిన రూలు. నేను ఎప్పుడొచ్చినా దిగుత" అంది గర్వంగా.

నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆమెను పిలిచి, పిల్లలందరూ వింటుండగా చెప్పాను. రోడ్డు సంగతి అబద్ధమని, గడీ సంగతీ నాయిన సంగతీ ఇదని. ఆమె కమాను దిక్కు చూసింది. తర్వాత మెల్లగా, "మా తాత గుడ వాళ్ళ ఊర్ల గిట్లనే దిగుతుండెనంట సార్. మా అమ్మ చెప్తె నవ్విన. గిప్పుడు దిగేటోళ్ళు ఎవరున్నరే అన్న" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"అందరు ఎనుకకు తిప్పుండ్రి" అని పిల్లలకు చెప్పింది. మలుపు దాకా పోయి ఎక్కి వచ్చారు. గడీ ముందు నుంచి బెల్లులు కొట్టుకుంటూ, బెల్లు లేనివాళ్ళు నోటితోనే అరుచుకుంటూ దూసుకుపోయారు. ఆమె చివర ఆగి, "ఎక్కుండ్రి సార్, నేనుంట పక్కన" అంది. ఎక్కాను. నాలుగు తొక్కులు తొక్కాను. కమాను నీడ చక్రం మీద పడగానే కుడికాలు లేచింది. పళ్ళు బిగబట్టి ఆపాలని చూశాను. ఆగలేదు. నేల మీద నిలబడి, హ్యాండిల్ పట్టుకుని, తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాను. ఆమె సైకిల్ మీదనే ఉండి, ఒక కాలు నేలకు ఆనించి, నేను నడిచి దాటేదాకా కాచుకుంది. గడీ కూలడం నా కళ్ళతో చూశాను, దానికి నా ఒక్క జీవితకాలం చాలింది. దాని ముందు నుంచి దిగకుండా పోవడానికి మాత్రం చాలేటట్టు లేదు.