ఒకే హోటల్, రెండు టేబుళ్లు

అమ్మ పోయాక మా ఇంట్లో ఆదివారం వంట ఆగిపోయింది. మిగతా రోజుల్లో నేనో నాన్నో ఏదో ఒకటి పొయ్యి మీద పెట్టేవాళ్లం. ఆదివారం మాత్రం వంటింట్లోకి వెళ్లడానికి ఇద్దరికీ మనసొప్పేది కాదు. ఆ రోజు అమ్మ మాంసం వండేది. మసాలా నూరే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఆ చప్పుడు లేని ఇంట్లో మధ్యాహ్నం దాకా కూర్చోలేక, ఒక ఆదివారం నాన్న చొక్కా తొడుక్కుని "పద, బయట తిందాం" అన్నాడు.

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ గేటు వైపు వెళ్లే రోడ్డు మీద, మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉండేది ఆ హోటల్. మరీ ఖరీదైనది కాదు, అలాగని నిలబడి తినే చోటూ కాదు. నెలజీతం మీద బతికేవాళ్లు వారానికోసారి పెళ్లాం పిల్లలతో వెళ్లి కడుపునిండా తినొచ్చు. స్కాలర్‌షిప్ వచ్చిన రోజున హాస్టల్ పిల్లలూ వచ్చేవాళ్లు. పేరుమోసిన బిర్యానీ హోటళ్ల గురించి ఊరంతా చెప్పుకుంటుంది. ఇలాంటి వాటి గురించి చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. కానీ అక్కడ పప్పు పప్పులా ఉండేది, అన్నం వేడిగా వచ్చేది, మళ్లీ అడిగితే విసుక్కోకుండా వడ్డించేవాళ్లు. బోర్డు మీద 'ఆంధ్ర భోజనం' అని ఉండేది. ఓనరు మాత్రం ముషీరాబాద్ మనిషి. వంటాయనది భీమవరం.

మేము వెళ్లడం మొదలుపెట్టిన రెండో వారమో మూడో వారమో, మామయ్య వచ్చి మా టేబుల్ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆయన మాకు చుట్టం కాదు. నాన్నా ఆయనా హబ్సిగూడ వైపు ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేసేవాళ్లు. నాన్నది గుంటూరు దగ్గర. ఆయనది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎప్పుడో ఒకరినొకరు 'బావా' అనుకోవడం మొదలుపెట్టారు, అదే ఉండిపోయింది. నేను మామయ్యా అత్తమ్మా అని పిలిచేదాన్ని. వాళ్లు బౌద్ధనగర్‌లో ఉండేవాళ్లు. ఉన్న ఒక్క అమ్మాయికీ పెళ్లయి నల్లగొండలో కాపురం. ఆదివారం పొద్దున ఇద్దరూ చర్చికి వెళ్లేవాళ్లు. ప్రార్థన అయ్యాక అత్తమ్మ ఆడవాళ్ల కూటానికి ఉండిపోతే, ఆయన నేరుగా తార్నాక వచ్చేవాడు.

"ఇంట్ల అన్నం లేదా మామయ్యా?" అని ఒకసారి నవ్వుతూ అడిగాను.

"ఉన్నది బిడ్డా. మీ నాన ఒక్కడే కూసొని తింటే గొంతు దిగదని వస్తున్న," అన్నాడు. నాన్న అప్పుడు చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

అలా ఆదివారాలు మాకు మళ్లీ ఆదివారాల్లా అయ్యాయి. నాన్న గోంగూర, ముద్దపప్పు, నెయ్యి తెప్పించుకునేవాడు. మామయ్యకు మటన్‌తో పాటు పచ్చిపులుసు ఉండాలి. అది హోటల్ మెనూలో లేదు. ఆయన వంటింటి గుమ్మం దాకా వెళ్లి, ఉల్లిగడ్డ ఎట్లా పిసకాలో, నువ్వులు ఎంత వేయించాలో భీమవరం వంటాయనకు చెప్పి వచ్చాడు. తర్వాత ప్రతి ఆదివారం ఒక గిన్నెడు పచ్చిపులుసు మా టేబుల్‌కు అడగకుండానే వచ్చేది.

"ఇది చారా, చేతులు కడిగిన నీళ్లా బావా?" అనేవాడు నాన్న.

"మీరు తినే ఆవకాయకు నాలుక కాలిపోయింది బావా, నీకిది తెల్వది," అనేవాడు మామయ్య. కానీ చివర్లో మిగిలిన పులుసంతా నాన్నే తాగేవాడు.

నేను యూనివర్సిటీలో ఎమ్మేలో చేరిన ఏడాది చివర్లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మా రోడ్డు దాకా వచ్చింది. నిజానికి అది మా రోడ్డు నుంచే ఊళ్లోకి వెళ్లింది. పొద్దున క్లాసుకని బయలుదేరితే గేటు దగ్గర ఇనుప ముళ్లకంచెలు, పోలీసు వ్యాన్లు. లోపల డప్పులు, పాటలు. డిపార్ట్‌మెంటులో నా పక్కన కూర్చునే అమ్మాయిలు చాలామంది పల్లెల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల మాటలు విన్నాక ఇంటికొచ్చి నాన్న మాటలు వింటే, రెండు వేర్వేరు ఊళ్లలో బతుకుతున్నట్టుండేది.

ఆ డిసెంబరులో ఒక ఆదివారం హోటల్లో టీవీ పెట్టి ఉంది. అందరూ చేతులు ఎండిపోతున్నా లేవకుండా, రాష్ట్రం ఇస్తామన్న వార్తలు చూస్తున్నారు. మామయ్య ముఖం వెలిగిపోతోంది. నాన్న కంచం వైపే చూస్తూ అన్నాడు.

"అంతా బాగానే ఉంది బావా. కానీ ఈ ఊరిని ఇంత చేసిందెవరు? మేం వచ్చేనాటికి హబ్సిగూడ అవతల ఏముంది? పొలాలూ, రాళ్లూ."

మామయ్య చేతిలో ముద్దను కంచంలో పెట్టేశాడు.

"పొలాలుంటే ఏం లేనట్టేనా బావా? ఆ పొలం ఎవలదో ఒకలది గదా."

"నేనన్నది అది కాదు."

"గదే అన్నవ్. మా అయ్య ఉన్నడు ఈడ. నేనున్న. నీ పక్క సీట్ల ఇన్నేండ్ల సంది కూసున్న. మేమెవ్వలం లేనట్టే మాట్లాడ్తున్నవ్."

"ఉన్నమాట అంటే అంత కోపమెందుకు?" అన్నాడు నాన్న. ఆ మాటతో ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో. కానీ ఆగలేదు. "రేపు మమ్మల్ని పొమ్మంటారా? ఆ మాటేదో ఇప్పుడే చెప్పు."

మామయ్య నాన్న వైపు చాలాసేపు చూశాడు. లేచి చేయి కడుక్కుని, నా తల మీద ఒకసారి చేయి వేసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. పచ్చిపులుసు గిన్నె ఎవరూ ముట్టకుండా అలాగే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం ఆయన రాడనుకున్నాను. వచ్చాడు. మమ్మల్ని దాటి వెళ్లి, కిటికీ పక్కన వేరే టేబుల్ దగ్గర కూర్చున్నాడు. నాన్న తల ఎత్తలేదు. ఇద్దరూ ఒకే వేళకు వచ్చేవాళ్లు, ఒకే వేళకు లేచేవాళ్లు. ఒకరు మానేస్తే రెండోవాళ్లు గెలిచినట్టవుతుందని ఇద్దరూ మానడం లేదేమోనని నేనప్పుడు అనుకున్నాను. ఆఫీసులో కూడా 'బావా' పోయి 'సార్' వచ్చిందని నాన్న నోటివెంటే ఒకసారి దొర్లింది. "ఇవాళ ఫైలిచ్చి, సంతకం పెట్టండి సార్ అన్నాడు," అని చెప్పి, టీవీ కట్టేసి వెళ్లి పడుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఓనరు బోర్డు మీద 'ఆంధ్ర' అన్న మాటకు తెల్లరంగు వేయించాడు. ఎవరైనా వచ్చి అడిగారా అని నాన్న అడిగితే, "ఎవ్వరు అడగలె సార్. అడిగేదాంక ఎందుకని నేనే ఏయించిన," అన్నాడు. నాన్న మెట్లు దిగాక ఒకసారి వెనక్కి తిరిగి ఆ బోర్డు వైపు చూశాడు.

ఒక రోజు, మధ్యాహ్నం కావస్తుండగా క్యాంపస్‌లో గొడవ పెద్దదైంది. మేము డిపార్ట్‌మెంటు మేడ మీద ఉన్నాం. బయట టియర్ గ్యాస్ పేలుతోంది. తలుపులు మూసినా సందుల్లోంచి పొగ లోపలికి వచ్చింది. కళ్లు తెరవలేకపోతున్నాం. ఫోన్లు కలవడం లేదు. ఒకమ్మాయి ఊపిరందక గోడకు జారిపడితే, మిగతావాళ్లం చున్నీలు తడిపి ఆమె ముఖం మీద పెట్టాం.

కాసేపటికి వరండాలోంచి ఎవరో నన్ను ఇంటిపేరుతో సహా పిలుస్తున్నారు. మామయ్య గొంతు. తడి తువ్వాలు ముఖానికి కట్టుకుని, దగ్గుతూ గదిగదికీ వెతుకుతున్నాడు.

"నడువు బిడ్డా. మీ నాన హోటల్ల ఉన్నడు," అన్నాడు. నా పక్కనున్న అమ్మాయిలను కూడా లేపాడు. హాస్టల్ వాళ్లను హాస్టల్ దాకా దిగబెట్టి, నన్ను వెనక దారిన చెట్లలోంచి నడిపించుకుంటూ గేటు దగ్గరకు తెచ్చాడు. అక్కడ పోలీసు ఆపి ఎవరని అడిగాడు.

"నా బిడ్డ," అన్నాడు మామయ్య.

హోటల్ షట్టరు సగం దించి ఉంది. ఓనరు నన్ను చూసి షట్టరు పైకెత్తాడు. లోపల నాన్న ఒక్కడే కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఏం జరిగిందో నాకు ఓనరు చెప్పాడు. ఆఫీసు తొందరగా వదిలేశారు. ఇద్దరూ విడివిడిగా అక్కడికే వచ్చారు. నేను లోపల ఉన్నానని తెలిసి నాన్న గేటు వైపు బయలుదేరబోతే, మామయ్య ఓనరుతో అన్నాడట.

"ఆ సార్‌ను పోనియ్యకు. నోరు తెరిస్తే ఏ ఊరో తెలుస్తది, ఆవేశంల ఉన్నరు పోరగాండ్లు. నేను పోయొస్త."

వంటాయన ఆ రోజు ఏమీ వండలేదు. పెరుగన్నం కలిపి, నిమ్మకాయ పచ్చడితో మూడు కంచాలు ఒకే టేబుల్ మీద పెట్టాడు. మిగతా కుర్చీలన్నీ బోర్లించేసి ఉన్నాయి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. నేను మధ్యలో. నాన్న అన్నం కెలుకుతున్నాడు.

"మీ నానను తినుమను," అన్నాడు మామయ్య నాతో.

నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కాసేపాగి, "సార్ కళ్లు బాగా ఎర్రబడ్డాయి. నీళ్లు కొట్టుకోమను," అన్నాడు, ఆయన కూడా నాతోనే.

అంతే. బయట చప్పుళ్లు తగ్గాక మామయ్య లేచి బౌద్ధనగర్ వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. నాన్న కిటికీ దగ్గర నిలబడి, ఆయన మలుపు తిరిగేదాకా చూశాడు. "ఈ ఆదివారం నేనే వెళ్లి ఆ టేబుల్ దగ్గర కూర్చుంటాను," అన్నాడు. నేను తలూపాను.

ఆ ఆదివారం బంద్. హోటల్ తెరవలేదు. పై ఆదివారం మేము ముందే వెళ్లాం. నాన్న కిటికీ పక్క టేబుల్ దగ్గరే కూర్చున్నాడు. పచ్చిపులుసు చేయమని వంటింట్లోకి కబురు పంపాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా అటు చూసేవాడు. హోటల్ నిండి ఖాళీ అవుతోంది. మామయ్య రాలేదు.

ఓనరు ఫోనులో మాట్లాడి, కౌంటరు వదిలి మా దగ్గరకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, బౌద్ధనగర్ నుంచి ఫోనొచ్చింది. పొద్దుగాల చర్చికి తయారైతుంటే గుండెల నొప్పి వచ్చిందట. దవాఖానకు తీస్కపోయే లోపటే అయిపోయిందట. ఆ సార్ ఇంటామె మీకు చెప్పుమన్నది."

నాన్న "మనం వెళ్లాలి," అన్నాడు, ఎవరో అడ్డుపడుతున్నట్టు. లేవబోతే కుర్చీ వెనక్కి పడింది. తీసి నిలబెట్టాలని కూడా మాకు తోచలేదు.

మర్నాడు సమాధుల తోటలో ఫాదర్ ప్రార్థన చదువుతుంటే నాన్న జనానికి వెనకాల, గోడ పక్కన నిలబడ్డాడు. ఆఫీసు వాళ్లు, యూనియన్ వాళ్లు, చర్చి వాళ్లు చాలామంది వచ్చారు. నాన్నకూ మామయ్యకూ మధ్య ఏం జరిగిందో వాళ్లలో కొందరికి తెలుసు. మట్టి వేసేటప్పుడు అత్తమ్మ తలెత్తి వెతికింది. "అన్న ఏడి?" అంది. జనం దారి ఇచ్చారు. నాన్న ముందుకు వెళ్లి వంగి మట్టి తీసుకున్నాడు. వేయలేకపోయాడు. గుప్పిట తెరుచుకోవడం లేదు. అత్తమ్మే ఆ చేతిని పట్టుకుని తెరిచింది.

తర్వాత మేము బౌద్ధనగర్ వెళ్లినప్పుడు అత్తమ్మ మాకు చాయ్ ఇచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని చెప్పింది.

"ఐతారం ఇంటికొచ్చినంక మీ ముచ్చటే అన్నా. ఇయ్యాల బావ పెరుగు పోసుకోలే, జెర దగ్గుతున్నడు. ఇయ్యాల బిడ్డ సరిగ తినలే, పరీక్షలున్నయో ఏమో. గిట్ల చెప్పేటోడు. అంత మనసుంటే పోయి మాట్లాడరాదు అంటే, ఆయన మాట్లాడితే మాట్లాడ్త అనేటోడు."

నాన్న చాయ్ కప్పు కింద పెట్టాడు. "నేనూ అదే అనుకుంటూ కూర్చున్నానమ్మా," అన్నాడు.

ఆ తర్వాత చాలాకాలం నాన్న ఆ హోటల్‌కు రాలేదు. ఆదివారాలు నేనే ఏదో ఒకటి వండేదాన్ని. కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చింది. ఆ సాయంత్రం తార్నాక చౌరస్తా అంతా డప్పులు, టపాకాయలు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న నాన్న ఉన్నట్టుండి లేచి "బౌద్ధనగర్ వెళ్దాం," అన్నాడు. దారిలో ఆ హోటల్ కింద ఓనరు వచ్చేపోయేవాళ్లకు మిఠాయి పంచుతున్నాడు. నాన్నను చూసి చేయి వెనక్కి తీసుకోబోయి, తటపటాయించాడు. నాన్నే చేయి చాపి తీసుకుని అక్కడే తిన్నాడు. ఇంకొకటి అడిగి కాగితంలో చుట్టించుకున్నాడు.

అత్తమ్మ ఇంటి ముందు దీపాలు పెట్టి ఉన్నాయి. లోపల ఆమె ఒక్కతే ఉంది. నాన్న ఇచ్చిన మిఠాయిని మామయ్య ఫొటో ముందు పెట్టింది. బయట పిల్లలు అరుస్తూ పరిగెడుతున్నారు.

"ఉంటే ఇయ్యాల తిప్పలు పడుదుము ఆయనతోని. ఇంట్ల నిలబడకపోతుండె," అంది అత్తమ్మ. కళ్లు తుడుచుకుని, కొంచెంసేపటికి నాన్నను అడిగింది. "మీరు ఏడికన్న పోతరా అన్నా? గుంటూరు దిక్కు పోతరని ఎవలో అనవట్టిరి."

"ఎక్కడికి పోతానమ్మా?"

"పోకుండ్రి. ఆయన ముచ్చట చెప్పుకోనీకి ఈ ఊర్ల నాకు ఇంకెవలున్నరు?"

నాన్న తల అడ్డంగా ఊపాడు, పోనని. తిరిగి వస్తుంటే జనం మధ్య ఆటో కదలలేదు. దిగి నడిచాం. ఎవరో కుర్రవాళ్లు గుంపుగా వచ్చి, తెలియని మనిషని చూడకుండా, నాన్న ముఖానికి ఇంత గులాల్ రంగు పూసి వెళ్లిపోయారు. నేను రుమాలు ఇచ్చాను. తీసుకోలేదు. అలాగే ఇంటిదాకా నడిచాడు.