సేటు కొట్టేసిన మాట

కొత్త పంచె గంజి వాసన తగిలితే సిరిసిల్ల నూలు సేటు గుర్తొస్తాడు. కలల ఫలితాల మీద పుస్తకం రాసిన మనిషి.

మగ్గాల పనికి భీవండి పోయిన నాయన జాడ లేని రోజులవి. ఆయన తెల్లబట్ట కప్పుకున్నట్టు అమ్మకు కలొచ్చింది. పక్కింటాయన సేటు పుస్తకం చూసి, అది చావు కల అన్నాడు. అమ్మ ఆ పుస్తకం పట్టుకుని, నన్ను లాక్కుని సేటు దుకాణానికి ఉరికింది.

“ఇంటినిండ తెల్లబట్టనే నేస్తిరి. కలల పట్టుచీర కనబడ్తదా చెల్లె?” అన్నాడు సేటు.

“మరి గిండ్ల గట్లెందుకు రాసినవ్?”

“నేసేటోళ్లను అడగకుంటనే రాసిన.”

రాసిందల్లా జరుగుతుందనుకునే వయసు నాది. “అయితే కొట్టెయ్ సేటూ!” అన్నాను. ఆయన నవ్వలేదు. కలం తీసి ఆ మాట కొట్టేశాడు.

ఏడాదికి నాయన వచ్చాడు. ఆ గీతే తెచ్చిందని చాలాకాలం నమ్మాను. ముదిరిన వయసులో చదవడం నేర్చాక చాలా పుస్తకాలు చూశాను. రాసినవాడే తప్పని కొట్టేసిన మాట ఇంకెక్కడా కనబడలేదు.