బాలమణక్క అంగూరు జాడీ

బొంగులూరు దగ్గర తోపుడు బండి మీద నలిగిన ద్రాక్షపళ్లు ఎండకు పులిసి వాసన వేస్తున్నాయి. బేరమాడుతున్నదాన్ని మధ్యలోనే ఆగిపోయాను. "తీస్కుంటవా అక్కా?" అని బండి అతను రెండుసార్లు అడిగాడు. బేరం వదిలేసి వచ్చి బస్సెక్కాను. బాలమణక్క ఎవరో అతనికేం తెలుసు!

మేం గోదావరి వైపు నుంచి ఇబ్రహీంపట్నం వచ్చినప్పుడు ఆమెది పక్కిల్లు. భర్త పోయాడు, ఆయన నాటిన ద్రాక్షతోట మిగిలింది. కొత్త ఊళ్లో దిక్కుతోచక నేను ఏడుస్తుంటే, పళ్ల బేసిను నా ముందు పెట్టి, "ఏడ్వు చెల్లె, ఏడ్చుకుంటనే పిసుకు" అంది. ఆ రోజే నాకు ఈ ఊరు ఊరైంది. పిసికిన పండును బెల్లం వేసి జాడీలో పులియబెట్టేది. నేను వైను అంటే నవ్వేది. "వైను షాపుల దొరుకుతది. గిది అంగూరు కల్లు."

ఆ కల్లు ప్రాణమంతా మడ్డిలో ఉండేది. నిరుటి జాడీ అడుగున మిగిలిన చిక్కటి మడ్డిని ఈ ఏటి రసంలో కలిపేది. అలా ఏటా. మొట్టమొదటి జాడీ పెట్టింది ఆమె భర్త. "మనిషి పోయిండు గానీ, ఆయన చెయ్యి గిందుల్నే ఉన్నది" అంటూ నా చెవిని జాడీకి ఆనించేది. లోపల చిటచిటమని చప్పుడు. "ఊపిరి తీస్తున్నది, ఇను."

తర్వాత మరుదులు తోటను ప్లాట్లకు అమ్మేశారు. తీగలు పెకలించక ముందు కోసిన ఆఖరి పండుతో ఆమె ఆఖరి జాడీ పెట్టింది. మర్నాడే ఛాతీ నొప్పి. కూతురు దవాఖానకు తీసుకెళ్తుంటే ఆటోలోంచి నన్ను పిలిచి, "జాడీ మీ ఇంట్ల పెట్టుకో చెల్లె. మూతి మంచిగ గట్టు, ఈగలు వడ్తయి" అంది.

మూతి కట్టడమంటే ఆమెకు పల్చటి గుడ్డ. మా అమ్మ పెంపకంలో నాకు మాత్రం ఆవకాయ జాడీకి కట్టే వాసెన, గాలి చొరకూడదు. ఊపిరి తీస్తుందని నా చెవులతో విని కూడా మూత బిగించాను, అంచుకు పిండి అద్దాను, పైన గుడ్డ చుట్టి తాడుతో కట్టాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే! మూడోనాటి మధ్యాహ్నం జాడీ పగిలింది. వంటిల్లంతా ఎర్రటి రసం, వీధిదాకా కల్లు వాసన. నలుగురూ ఏమనుకుంటారోనని సిగ్గుతో చచ్చిపోయాను. పెంకులు కడిగి పారేసి, ఫినాయిల్ పోసి ఇల్లు రెండుసార్లు తుడిచాను.

ఆమె తిరిగొచ్చిన రోజు గుమ్మంలోనే ఏడుస్తూ చెప్పాను. తిట్టలేదు. "పోతే పోనీ తియ్. పెంకులకు మడ్డి అంటుకోని ఉంటది. జరంత చాలు, బజారుల అంగూర్లు తెచ్చి మళ్ల పెడదం. ఏడున్నయి పెంకులు?"

"కడిగి పారేశానక్కా."

"అన్ని?"

"అన్నీ."

గడప మీద కూలబడింది. మా నేల వైపు చూసి, "ఇల్లు మస్తు సాఫ్ ఉన్నది చెల్లె" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నేను బతికిపోయేదాన్ని.

కూతురితో మీర్‌పేట్ వెళ్లిపోయింది, అక్కడే పోయింది. ఇప్పటికీ ఏ గిన్నె తోమబోయినా ముందు అడుగు చూస్తాను. చూసి ఏం లాభం? ఒకసారి చచ్చిపోయిన ఆమె మొగుణ్ణి, ఫినాయిల్ పోసి మళ్లీ చంపింది నేనే.