నల్లమాడకు తీసుకెళ్ళిన తప్పు

మొన్న బ్యాంకులో పాస్‌బుక్ పట్టుకుని వరుసలో నిలబడ్డాను. కౌంటరు వెనక పాత ప్రింటరు కర్‌కర్‌మంటూ కాగితాన్ని గీరుతోంది. పక్కనున్నాయన విసుక్కుని చెవులు మూసుకున్నాడు. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే మార్తమ్మ మేడం గుర్తొస్తుంది. బుక్కరాయసముద్రంలో ఆమె ఆఫీసులో సరిగ్గా ఇలాంటిదే ఉండేది. ఆ రొదలోనే నా ఉద్యోగం మొదలైంది. ఇన్నేళ్ళుగా ప్రోగ్రాములు రాసి, వాటిలో తప్పులు వెతికి వెతికి, ఈమధ్య నిజంగానే అలసిపోయాను. అలసిపోయినప్పుడల్లా మనసు ఆమె దగ్గరికే పోతుంది.

మేడంది మొదట టైపు ఇన్‌స్టిట్యూట్. రెండు వేల సంవత్సరం దాటేసరికి టైపు నేర్చుకునేవాళ్ళు కరువయ్యారు. మా జిల్లా మనిషికి కరువు కొత్తా? ఆమె మిషన్లు అమ్మేసి నాలుగు కంప్యూటర్లు కొంది. డిప్లొమా చదివి ఖాళీగా తిరుగుతున్న నన్ను పనిలో పెట్టుకుంది. మిషన్లు పోయినా వాటి పద్ధతిని మాత్రం పోనివ్వలేదు. ఎవరైనా సరే, కాగితం ఆమె చేతికిచ్చే ముందు తమ తప్పులకు తామే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టాలి. చుట్టిన తప్పుకు ఏమీ అనేది కాదు. దాచిన తప్పు దొరికిందా, ఆ రోజు మన పని అయిపోయినట్టే. "తప్పు అందురూ చేస్తారప్పా. దాన్ని నాతో ఎతికిస్తావు చూడు, అది నాకు గిట్టదు" అనేది. ప్రోగ్రాములు రాసేవాణ్ణి, నాకెందుకీ పెన్సిలు గోల అని లోలోపల నవ్వుకునేవాణ్ణి.

జిల్లాలో కొన్ని టీచర్ ట్రైనింగ్ కాలేజీలు కలిసి, ప్రవేశాల కోసం ఒక వెబ్‌సైట్ చేయమని మాకు అప్పగించాయి. విద్యార్థులు నెట్ సెంటరుకు వెళ్ళి దరఖాస్తు నింపి, కావాల్సిన కాలేజీ ఎంచుకుని, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. చివరి తేదీ దాకా ఆ పాస్‌వర్డ్‌తో కాలేజీ మార్చుకోవచ్చు. మొదటి వారంలోనే చిక్కొచ్చింది. విడపనకల్లు నుంచి ఒక పెద్దాయన రెండు బస్సులు మారి మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చాడు. ఎండకు ముఖం వడలిపోయింది. "మా మనవరాలు పాస్‌వర్డ్ మర్చిపోయిందంట. నువ్వే చెప్పల్ల నాయనా" అన్నాడు. అలాంటివాళ్ళు రోజూ వస్తుంటే చూడలేక, దరఖాస్తు పేజీ అడుగునే పాస్‌వర్డ్ కూడా కనబడేలా చేశాను. నెట్ సెంటరులో ప్రింటు తీసిస్తే, ఇక అది ఇంట్లోనే ఉంటుంది. మనవాళ్ళకు ఎంత మేలు చేశానో అని మురిసిపోయాను.

ఆ పేజీ వెబ్ చిరునామా చివర దరఖాస్తు నంబరు ఉండేది. అక్కడ ఒక్క అంకె మారిస్తే చాలు, ఏమీ అడగకుండానే వేరొకరి పేజీ తెరుచుకునేది, అడుగున వాళ్ళ పాస్‌వర్డ్‌తో సహా. ఒకరోజు నాకే ఈ సంగతి తెలిసింది. సరిచేయాలంటే రెండు రోజులు సైటు ఆపాలి. ఆపాలంటే మేడంకు చెప్పాలి. ఈ ఊళ్ళలో ఎవడు అంకెలు మార్చి చూస్తాడులే అనుకుని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను.

చివరి తేదీ దాటి సీట్ల జాబితా వచ్చాక నల్లమాడ నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. ఆయన కూతురు లక్ష్మీదేవి కదిరి కాలేజీని ఎంచుకుంది. రోజూ బస్సులో పోయి రావచ్చని ఇంట్లో ఒప్పుకున్నది అదొక్కటే. జాబితాలో మాత్రం జిల్లా అవతలి కొసన ఉన్న కాలేజీ వచ్చింది. అంత దూరం పంపలేనన్నాడు. "పాపే ఏదో తప్పు నొక్కి ఉంటుందన్నా" అన్నాను. "అట్లే అయ్యుంటాదిలే సార్" అని పెట్టేశాడు.

పక్క బల్ల దగ్గర మేడం తలెత్తింది. "ఆ పాపే నొక్కిందని నీకెట్ల తెల్సు?"

చిరునామాలో అంకె మారిస్తే ఏమవుతుందో చెప్పాను. చూపించమంది, చూపించాను. ఆమె తానే అంకెలు మారుస్తూ పది పేజీలు తెరిచింది. పది పేర్లు, పది పాస్‌వర్డ్‌లు.

"ఇది నీకు ముందే తెల్సునా?"

"తెలుసు మేడం."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "సైటు ఆపు" అంది, అంతే. లక్ష్మీదేవి దరఖాస్తును వేరే చోటి నుంచి ఎవరో తెరిచి కాలేజీ మార్చినట్టు రికార్డులో కనబడింది. ఎవరన్నది ఈనాటికీ తెలియదు. మేడం కాలేజీలకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. కదిరిలో సీట్లు నిండిపోయాయన్నారు. మా చేతిలో పనీ తీసేసుకున్నారు. దరఖాస్తు చేసిన అందరికీ ఉత్తరాలు పంపాక, "పద, నల్లమాడ పోదాం" అంది.

"సీటు తేలేం కదా మేడం, పోయి ఏం చెప్తాం?"

"సీటు తేలేమప్పా. ఆ పాప తప్పు కాదని చెప్పేది మన చేతిలోనే ఉండాది గదా."

బస్సులో ఆమె కిటికీలోంచి ఎండిన వేరుశనగ చేలు చూస్తూ కూర్చుంది. వాళ్ళ ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నాక నా వైపు చూసింది. చెప్పాల్సింది నేనని అర్థమైంది. లోపం నాదని, తెలిసీ దాచానని, ఫోన్‌లో అబద్ధం చెప్పానని చెప్పాను. ఆ రైతు కూతురి వైపు చూశాడు. "నాలుగు దినాలుగా దీన్ని తిట్టని పూట లేదు" అన్నాడు.

గడపలో నిలబడ్డ అమ్మాయి అడిగింది. "అయితే నేను తప్పు నొక్కలేదా సార్?"

"లేదమ్మా."

"నిజంగా నేను కాదా?"

"కాదమ్మా. నేను."

ఆమె సీటు సంగతి ఎత్తలేదు. తండ్రి వైపు తిరిగి, "ఇన్నావా నాయనా, నేను కాదంట" అని ఏడ్చింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ ఏడు ఆమె చదువు ఆగిపోయింది. తర్వాత ఏమైందో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది. మేడం కూడా ఇప్పుడు లేదు. ఇంకెవరైనా అయితే నన్ను పనిలోంచి తీసేసి చేతులు దులుపుకునేవాళ్ళు. ఆమె నన్ను బస్సెక్కించింది. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "నేనే ఏదో తప్పు నొక్కినట్టున్నా" అంటే, ఎంత అలసటగా ఉన్నా ముందు నేను రాసినదాంట్లోనే వెతుకుతాను. నాది దొరికితే ఆ పూటే తిరిగి ఫోన్ చేసి, మీరు కాదండీ, నేను అని చెబుతాను.