మీటరు చక్రం ఆగిన పండగ

దసరాకు ముందు ఇల్లు దులిపేటప్పుడు టీవీ వెనక, గోడకూ బల్లకూ మధ్య చెయ్యి దూర్చితే ఒక వాసన తగులుతుంది. వెచ్చబడిన ప్లాస్టిక్కు వాసన, దాని మీద ఏడాది పొడుగునా పేరుకున్న సన్నటి ధూళి వాసన, రెండూ కలిసి కొంచెం తియ్యగా, కొంచెం మాడినట్టుగా ఉంటాయి. బెంగళూరు శివార్లలో, హూడిలో మేముండే ఫ్లాటులో మొన్న ఆ పని చేస్తూంటే, ఎప్పుడో పొద్దున రిమోటుతో ఆపేసిన సెట్‌టాప్ బాక్సు వీపు చేతికి తగిలి, జ్వరం వచ్చిన పసిపిల్ల నుదురులా వెచ్చగా అనిపించింది. నేను అలవాటు ప్రకారం ఒక్కొక్క ప్లగ్గే పీకుతూంటే, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసే మా అమ్మాయి సహన సోఫాలోంచి తలెత్తి చూసింది.

"అమ్మా, ఛార్జర్ కూడా ఎందుకు పీకుతున్నావ్? ఫోనే లేదు కదా దానికి. అదేం కరెంట్ తినేస్తుంది?"

పీకడం నాకు చేతికి అంటుకున్న అలవాటే గాని, దానివల్ల నిజంగా ఏమైనా మిగులుతుందా లేదా అని ఈ ఇంట్లో ఎప్పుడూ తేల్చుకున్నది లేదు. ఒకే ఒక్కసారి తేల్చుకున్నాం, నేను నాలుగో తరగతి చదివేటప్పుడు, అదీ నేనొక్కదాన్నే కాదు, ఇంటిల్లిపాదీ వీధిగుమ్మం ముందు నిలబడి.

అప్పుడు మేం పాత బెంగళూరు పేటలో, మగ్గాల వీధిలో ఉండేవాళ్ళం. ఎన్ని తరాల కిందట అనంతపురం వైపు నుంచి వచ్చామో మా నాన్నకే సరిగా తెలియదు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే కన్నడం, కోపమొస్తే రెండూ. తెల్లవారకముందే మొదలయ్యేది మరమగ్గాల చప్పుడు, అటు ఆరిళ్ళు ఇటు ఆరిళ్ళు ఒకేసారి లడలడమని కొట్టుకుంటూంటే గోడలు, గూట్లో గ్లాసులు, చివరికి మా పళ్ళు కూడా సన్నగా వణికేవి. వానాకాలంలో కాలువల్లో రంగునీళ్ళు పారేవి, ఒకరోజు వంకాయ రంగు, ఒకరోజు చిలకపచ్చ. చలికాలం పొద్దునపూట తడిసిన పట్టు వాసన పొగమంచుతో కలిసి వీధంతా కమ్ముకునేది. నాన్న ఆ మగ్గాలకు నూలూ పట్టూ అమ్మే చిన్న అంగడి నడిపేవాడు. ఇంటి ముందు కూర్చునే అరుగును మేం కన్నడంలో జగలి అనేవాళ్ళం. కచ్చకాయలాడటం, బొరుగులు తింటూ ఎక్కాలు అప్పజెప్పడం, అమ్మ చేత జడ వేయించుకోవడం, మా పిల్లల బతుకంతా ఆ జగలి మీదే.

దాని పైన గోడకు, అద్దం బిగించిన చెక్కపెట్టెలో, కరెంటు మీటరు ఉండేది. నాకు ప్రపంచంలో అంతకంటే వింత వస్తువు లేదు. లోపల ఒక పలచటి వెండిరంగు చక్రం అడ్డంగా తిరిగేది, దాని అంచున ఒకచోట ఎర్రటి గుర్తు. అమ్మ వంటింట్లో మిక్సీ వేస్తే చక్రం గిర్రున పరుగెత్తేది, ఆపగానే నీరసపడేది. లోపల ఎవరేం చేస్తున్నదీ చూడకుండానే, జగలి మీద కాలివేళ్ళపై నిలబడి, "అమ్మా, ఇస్త్రీపెట్టె పెట్టినావు గదా" అని నేను బయట నుంచి అరిచేదాన్ని. "పెట్టినా, నీ పని చూసుకో పో" అని అమ్మ లోపలి నుంచి అరిచేది.

మా ఇంట్లో నాన్నకు అక్క, మా సావిత్రత్త ఉండేది. పెళ్ళయిన కొద్ది కాలానికే మామ పోతే పుట్టింటికి వచ్చేసి, పరీక్ష రాసి, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది. ఊరికీ ఊరికీ మధ్య ట్రంక్‌కాల్‌లు కలిపే పని. ఇంటికి వచ్చేసరికి తలకు పెట్టుకునే హెడ్‌ఫోను ఇనపబద్దీ ఒత్తుకుని జుట్టులో ఒక గాడి పడి ఉండేది. నేను నూనె రాసి ఆ గాడిని చేత్తో చెరిపేదాన్ని. అత్త కాళ్ళు కడుక్కుని, కాఫీ కూడా తాగకముందే ఇల్లంతా ఒక చుట్టు చుట్టేది. రేడియో, ఫ్యాను, మిక్సీ, ఇస్త్రీపెట్టె, వాడని వాటి ప్లగ్గులన్నీ పీకి, వైర్లు చుట్టలు చుట్టి పెట్టేది. పొదుపు కోసమే అని మేమందరం అనుకునేవాళ్ళం. ఒకసారి నేను అడిగితే నవ్వి, "పొద్దంతా నా చెవిలో ఊరంతా మాట్లాడతానే ఉంటాది పాపా. ఇంట్లోనన్నా అన్నీ నోరు మూసుకోనీ" అంది. ఫ్యానుకూ మిక్సీకీ నోరెక్కడిదో నాకు అర్థం కాలేదు.

గొడవ రంగుల టీవీతో వచ్చింది. వీధిలో మాదే మొదటిది, రిమోటు ఉన్నది. దాన్ని అమర్చడానికి వచ్చిన మెకానిక్కు, కరెంటు ఎక్కువతక్కువలకు టీవీ పాడవకుండా కింద ఒక బరువైన డబ్బా కూడా పెట్టి, దాన్ని స్టెబిలైజరు అంటారని చెప్పాడు. రిమోటుతో ఆపినా టీవీ మూలన ఒక ఎర్రదీపం మిణుకుమంటూ ఉండేది. నాన్నకు ఆ దీపమంటే గొప్ప మురిపెం. అత్తకు దాన్ని చూస్తేనే పడేది కాదు. ఆ డబ్బా ప్లగ్గు బీరువా వెనక, స్విచ్చి లేని పాత బోర్డులో ఉండేది. అత్త రోజూ బీరువా సందులో చెయ్యి దూర్చి పీకేది, నాన్న రోజూ తిట్టుకుంటూ పెట్టేవాడు.

"మాటిమాటికీ పీకితే చెడిపోతాదని మెకానిక్కు చెప్పినాడు గదక్కా."

"ఆపినంక కూడా అది గుయ్యిమంటా ఉండాదప్పా. మీకెవరికీ వినపల్లేదా?"

మాకెవరికీ వినపడేది కాదు. వీధంతా మగ్గాలు కొట్టుకుంటూంటే టీవీ గుయ్యిమనడం ఎవరికి వినపడుతుంది? ఎక్స్ఛేంజిలో పనిచేసి చేసి అత్త చెవులు పాడయ్యాయని అమ్మ మెల్లగా అనేది.

ఒక ఆదివారం క్రికెట్టు చూడటానికి నాన్న స్నేహితులు, మగ్గాల యజమానులు, హాలు నిండా వచ్చి కూర్చున్నారు. నాన్న దర్జాగా రిమోటు నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు, బ్యాటరీలు తీసి వేశాడు, ఎవరో నవ్వారు. ప్లగ్గు పీకి ఉన్నదని తెలిశాక నాన్న ముఖం ఎర్రబడింది. అందరి ముందూ, "అక్కా, నీ ఆఫీసులో వైర్లు నువ్వు పీక్కో. నా ఇంట్లో వాటి జోలికి రావద్దు" అన్నాడు.

కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్న అత్త అంతా విన్నది. గ్లాసులు అందరికీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. ఆ మరుసటి రోజు నుంచి ఆమె ఇంట్లో ఏ ప్లగ్గునూ ముట్టుకోలేదు. ఫ్యాను ఊరికే తిరుగుతున్నా చూసి పక్కకు పోయేది. వారం తిరక్కముందే కోలారు ఎక్స్ఛేంజికి బదిలీ అడిగానని, అక్కడ ఆడవాళ్ళ హాస్టలు ఉందని, పండగ అయ్యాక వెళ్తానని అమ్మతో చెప్పింది. నాన్నకు నేరుగా చెప్పలేదు. నాన్న కూడా అడగలేదు. నేను అత్త పక్కలో పడుకునేదాన్ని. అత్త వెళ్ళిపోతుందన్న నా భయం ఒకటైతే, దాన్ని మించి నన్ను తొలిచేది ఇంకొకటి. అసలు ఎవరి మాట నిజం? ఆపేసిన టీవీ కరెంటు తింటుందా, తినదా? అది తేలితే అత్త ఉంటుందో పోతుందో కూడా తేలిపోతుందని ఆ వయసులో నా నమ్మకం.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా వీధికి వేరే ముఖం. మగ్గాలన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, అరటి పిలకలు కట్టి, చేమంతి దండలు వేసి, పని ఆపేసేవాళ్ళు. స్కూటర్లకూ సైకిళ్ళకూ బొట్లు, వాటి చక్రాల కింద నిమ్మకాయలు, ప్రతి గుమ్మం ముందూ పగలగొట్టిన బూడిదగుమ్మడికాయ, దాని తెల్లటి గుజ్జులో కుంకుమ నీళ్ళు. ఇల్లిల్లూ తిరిగితే బొరుగులూ పప్పులూ బెల్లమూ దోసిళ్ళకొద్దీ పోసేవాళ్ళు. అమ్మ మిక్సీకి, ఇస్త్రీపెట్టెకు, కత్తిపీటకు, నాన్న తక్కెడకు, అత్త తెచ్చిన పాత హెడ్‌ఫోనుకు వరసగా బొట్లు పెట్టింది. టీవీకి నాన్నే స్వయంగా దండ వేశాడు. హారతి ఇచ్చి, సాంబ్రాణి పొగ ఇంకా గదిలో తేలుతూండగా అందరం కళ్ళు మూసుకుని నిలబడ్డాం.

అప్పుడు వినపడింది. ఒక్క మగ్గం కూడా ఆడని ఆ వీధిలో, ఒక్క మాట కూడా లేని ఆ గదిలో, తుమ్మెద సీసాలో చిక్కుకున్నట్టు సన్నగా, ఎడతెగకుండా గుయ్యిమనే చప్పుడు. నాన్న కళ్ళు తెరిచాడు. టీవీ దగ్గరికి పోయి చెవి పెట్టాడు, తల అడ్డంగా ఊపాడు, వంగి కింద ఉన్న డబ్బా మీద చెయ్యి వేశాడు. కాలినట్టు కాదు గాని, చటుక్కున తీశాడు.

"అక్కా, నువ్వు చెప్పేది ఇదేనా?"

"అదే. ఇన్ని దినాలూ అదే."

నేను అప్పటికే వీధిలోకి పరుగెత్తాను. ఇంట్లో ఒక్క దీపం, ఒక్క ఫ్యాను లేదు, పండగ రోజని అన్నీ ఆపి ఉన్నాయి. అయినా జగలి మీద నిలబడి చూస్తే అద్దం వెనక చక్రం తిరుగుతోంది, చీమ నడిచినంత మెల్లగా, కానీ తిరుగుతోంది. నా అరుపుకు అందరూ బయటికొచ్చారు. నాన్న తలెత్తి చూసి, లోపలికెళ్ళి, "డబ్బాలోంచి టీవీ ఒక్కటే పీకినా, చూడు పాపా" అని కేకేశాడు. నేను పదమూడో ఎక్కం చదువుతూ ఎర్రగుర్తు ఎప్పుడొస్తుందా అని చూశాను. కొంచెం ఆలస్యమైంది, అంతే. "ఇంకా తిరగతా ఉండాది నాన్నా." "ఇప్పుడు డబ్బా పీకినా." ఈసారి ఎక్కం రెండుసార్లు చదివినా గుర్తు రాలేదు. కానీ చక్రం పూర్తిగా ఆగలేదు.

ఇంకేముంది ఇంట్లో? రేడియో లేదు, ఫ్యాను లేదు, మిక్సీ లేదు. అమ్మ గదులన్నీ వెతికింది. చివరికి నాన్న గొంతు దేవుడి గూటి దగ్గర నుంచి వచ్చింది, అందులో నవ్వు దాచుకోవడం తెలుస్తోంది. "అక్కా, ఇట్లా రా." అక్కడ రాత్రింబవళ్ళు వెలిగే ఎర్రటి చిన్న బల్బు, జీరో బల్బు అంటారే, అది వెలుగుతోంది. పెట్టింది అత్తే. సున్నా అని పేరున్నది కాబట్టి సున్నానే తింటుందని ఆమె నమ్మకం, మా అందరి నమ్మకమూ అదే. నాన్న దాని స్విచ్చి నొక్కాడు. చక్రం ఆగిపోయింది. ఎర్రగుర్తు ఎక్కడో వెనక వైపు ఉండిపోయింది, ఎంతసేపు చూసినా ఇటు రాలేదు. ఆ బల్బు ఒక్కటే వేసి, తర్వాత టీవీ ఎర్రదీపం ఒక్కటే పెట్టి, మళ్ళీ మళ్ళీ చూశాం. బల్బే ఎక్కువ తింటోంది.

అత్త జగలి మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. "దేవుడికీ రవ్వంత నిద్ర కావల్ల కదప్పా, రాత్రిపూట ఆపేద్దాంలే" అంది. పక్కింటివాళ్ళు కూడా వచ్చి తమ మీటర్లు చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం వీధిలో ఎవరింటి ముందు చూసినా తలలు పైకెత్తిన జనమే. నాన్న మాత్రం ఆ రోజంతా ప్రతి వస్తువునూ తడిమి చూస్తూ తిరిగాడు. ఆపినా వెచ్చగా ఉన్నదేదో అది తింటున్నట్టు, చల్లగా ఉన్నది తింటున్నా తిననట్టే లెక్క అని సాయంత్రానికి తేల్చాడు.

క్షమించమని నాన్న అడగలేదు. మా ఇంట్లో ఆ మాట వాడుకలో లేదు. దసరా అయిన వారానికి ఎలక్ట్రీషియన్ను పిలిచి, బీరువా వెనక ఉన్న బోర్డు తీయించి, గుమ్మం పక్కన అత్త చేతికందే ఎత్తులో కొత్త స్విచ్చి పెట్టించాడు. ఆమె డ్యూటీ నుంచి వచ్చేదాకా అంగడికి పోకుండా కూర్చుని, "మనింట్లో అన్నీ ఆపేది నువ్వే గదక్కా, ఇంక వంగబన్లేదు" అన్నాడు. అత్త ఆ స్విచ్చిని ఒకసారి పైకీ ఒకసారి కిందికీ వేసి చూసి, కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి పోయింది. కోలారు బదిలీ కాగితం కార్తీకంలో వచ్చింది. వద్దని రాసి ఇచ్చానని ఆమె అమ్మతో చెప్పినప్పుడు నేను కచ్చకాయలు ఆడుతున్నాను. ఎగరేసిన కాయ పట్టుకోవడం మరిచిపోయాను.

సహనకు ఇదంతా చెప్పి, ఛార్జర్లు ముట్టుకుని చూడమన్నాను. ఫోను లేని ఛార్జరు చల్లగా ఉంది. "చూశావా, నేను చెప్పలా" అంది. సెట్‌టాప్ బాక్సు, పాత స్పీకర్ల డబ్బా ముట్టుకున్నాక మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది. మీటరు చూద్దామంది తనే. ఆయుధపూజ రోజు పొద్దున తను పైన ప్లగ్గుల దగ్గర, నేను కింద సెల్లారులో. మా మీటరు ఎక్కడుందో ఇన్నేళ్ళలో నేను చూసిందే లేదు. ఇనప జాలీ వెనక అన్ని ఫ్లాట్ల మీటర్లూ వరసగా ఉన్నాయి, చక్రాలు లేవు, ఎర్ర చుక్కలు మాత్రం, ఇంట్లో వాడకాన్ని బట్టి, ఒక్కోటి ఒక్కో వేగంతో వెలిగి ఆరుతున్నాయి. పేటలో మా ఇల్లు ఇప్పుడు లాడ్జి, ఆ వీధిలో మగ్గాలు ఎప్పుడో ఆగిపోయాయి, ఆ రోజు మీటరు చుట్టూ నిలబడిన మా ఇంటివాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. సహనకు ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు. ఇక్కడి నుంచి అరిస్తే పైదాకా వినపడదు.

మీటర్ల గది తాళం తీసిన సెక్యూరిటీ ఆయన, మదనపల్లె వైపు మనిషి, నన్ను కాసేపు చూసి అడిగాడు. "ఏం మేడం, బిల్లు తప్పొచ్చిందా?"

"లేదప్పా. ఊరికే ఉన్నవి ఎంత తింటా ఉండాయో చూద్దామని."

పైన మా అమ్మాయికి కలపాలంటే ఆయన నా ఫోను తీసుకుని సిగ్నలు అందే ర్యాంపు మీదికి ఎక్కి నిలబడ్డాడు. కాసేపటికి ఆయన గొంతు కార్ల మధ్య నుంచి వచ్చింది. "టీవీ కాడివన్నీ పీకినారంట మేడం. చూడండి."

నేను జాలీకి ముఖం ఆనించి, మా చుక్క మళ్ళీ ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తూ నిలబడ్డాను.