‘గా’ ఉన్నచోటల్లా ‘లీ’

నాకు నవ్వు ఆగదు. చావింట్లో కూడా ఆగదు, ఎన్ని తిట్లు తిన్నానో లెక్కలేదు. అలాంటిదాన్ని మిర్యాలగూడలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పమని పిలిచారు. ఎనభైల చివరి మాట ఇది. సూర్యాపేటలో తెలుగు మీడియం చదివినదాన్ని. ఈ ఉద్యోగం రాకపోతే టైపు నేర్చుకుని రైసుమిల్లు ఆఫీసులో కూర్చోవాలని ఇంట్లో మాట అయిపోయింది. నాకేమో బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడాలని ప్రాణం పోయేంత కోరిక.

చెప్పాల్సిన పాఠం యాడ్వర్బులు. అది విని ఎగిరి గంతేశాను. ఎందుకంటే డిగ్రీలో ఇంగ్లీషు ఒకసారి తన్నేస్తే, కోదాడలో మేనత్త ఇంట్లో ఉండి ట్యుటోరియల్‌కు వెళ్లాను. అక్కడి సారు కృష్ణా నదికి అవతలి, ఆంధ్రా మనిషి. “ఏవమ్మా, తెలుగులో ‘గా’ ఉన్నచోటల్లా ఇంగ్లీషులో ‘లీ’ తగిలించు. నెమ్మదిగా, స్లోలీ. సంతోషంగా, హ్యాపీలీ. ఇంతోటి దానికి ఏడుపెందుకు?” అనేవాడు. ఆ ఒక్క ముక్కతోనే నేను గట్టెక్కాను. కానీ నేనెప్పుడైనా “గా పుస్తకం ఇయ్యుండ్రి సార్” అన్నానా, “గా పుస్తకమంట, గా పుస్తకం!” అని క్లాసంతటినీ నవ్వించేవాడు. మా దగ్గర ‘ఆ పుస్తకం’ అనరు, ‘గా పుస్తకం’ అంటారు. అందులో నవ్వడానికేముందో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయేది.

డెమో రోజున నాయిన ఇస్త్రీ అంగీ తొడుక్కుని నాతో బస్సెక్కాడు. స్కూలు గేటు బయట చాయ్ బండి దగ్గర ఆగిపోయి, “గట్టిగ సెప్పు బిడ్డా. భయపడకు” అన్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ కేరళ ఆమె. తెలుగు అరకొరగా వచ్చు. ఆరో తరగతిలో చివరి బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చుంది.

పని ఎట్లా జరిగింది, ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎందుకు జరిగింది అని అడిగితే వచ్చే జవాబే యాడ్వర్బు అని మొదలుపెట్టాను. అంతవరకు బాగానే ఉంది. అక్కడితో ఊరుకోవచ్చు కదా! సారు సూత్రం కూడా బోర్డెక్కించాను, ‘గా’ ఉంటే ‘లీ’ అని. పైగా, “గా ఉన్న తెలుగు వాక్యం ఒకటి చెప్పండి” అన్నాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

హాలియా నుంచి వచ్చి హాస్టల్లో ఉండే రెండు జడల పిల్ల ఒకతి లేచింది.

“గా బర్రె పొద్దుగాల గాడ మెల్లగ మేస్తది టీచర్.” ఆగి, వేళ్లు మడిచి చూసుకుంది. “దీన్ల నాలుగు గా లొచ్చినయి. యే గాకు లీ పెట్టాలె?”

“లీ బర్రె! లీ బర్రె!” అని ఎవరో అరిచారు. “లీడ మేస్తది!” అని ఇంకొకరు. క్లాసు గొల్లుమంది. నేను పెదవి కొరుక్కున్నాను, బోర్డు వైపు తిరిగాను, దగ్గు నటించాను. అబ్బే! పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వాను.

హెడ్‌మిస్ట్రెస్ లేచి నిలబడింది. “వాట్ ఈజ్ ద జోక్?”

అయిపోయింది నా ఉద్యోగం అనుకున్నాను. అయినా నవ్వు ఆగడం లేదు. ఎలాగూ మునిగాక చలేమిటని, వచ్చిన ఇంగ్లీషూ రాని ఇంగ్లీషూ కలిపి విడమరిచాను.

‘గా బర్రె’లో గా అంటే దట్. అది బర్రెను చూపిస్తుందే తప్ప మేయడం గురించి ఏమీ చెప్పదు, కనుక యాడ్వర్బే కాదు. ‘పొద్దుగాల’ ఎప్పుడో చెబుతుంది. ఇన్ ద మార్నింగ్, మూడు మాటలూ కలిసి ఒక్క యాడ్వర్బు పని చేస్తాయి. ‘గాడ’ ఎక్కడో చెబుతుంది, దేర్. దానికి లీ అక్కర్లేదు. ‘మెల్లగ’ ఎట్లాగో చెబుతుంది, స్లోలీ. నాలుగింటిలో లీ దొరికింది దీనికొక్కదానికే!

చెబుతుంటే నాకే తెలిసింది, సారు సూత్రం పావు వంతే పనికొస్తుందని. ఆయన వెక్కిరించిన మా ‘గా’యే దాన్ని బోర్లా పడేసింది. ఓహో, ఎంత సంబరమైందో! సూత్రాన్ని అరచేత్తో తుడిచేసి, ఇంగ్లీషు వాక్యం రాశాను: దట్ బఫెలో గ్రేజెస్ స్లోలీ దేర్ ఇన్ ద మార్నింగ్. “మనం ముందు చెప్పే పొద్దుగాల, ఇంగ్లీషోళ్లకు చివరికి పోయింది చూడండి” అన్నాను.

“గందుకే మస్తు పాలిస్తది టీచర్!” అంది అదే పిల్ల.

“అదిగో! ఎందుకు అన్నదానికి జవాబు కూడా వచ్చేసింది!” అని నేను గంతేసినంత పని చేశాను. పిల్లలు బల్లలు చరిచారు.

హెడ్‌మిస్ట్రెస్ ఆ పిల్లను వాక్యం మళ్లీ చెప్పమంది. తర్వాత తానే నోరు తిప్పుకుంటూ, “గా బర్రే... పొద్దు... గాలా...” అని ప్రయత్నించింది. క్లాసుతోపాటు ఆమె కూడా నవ్వింది. బయటికొచ్చాక నా భుజం తట్టి, సోమవారం నుంచి రమ్మంది.

గేటు దగ్గరికి పరుగెత్తాను. నాయిన చేతిలో చాయ్ అలాగే చల్లారిపోయి ఉంది. లోపలి నవ్వులన్నీ అక్కడిదాకా వినబడ్డాయట. నన్ను చూడగానే గొంతు తగ్గించాడు.

“నిన్ను జూసి నవ్విన్రు గద బిడ్డా? పోనియ్యి. మన మాట గట్లనే ఉంటది, ఏం జేస్తం. ఇంటికి పోదాం పా.”

“నౌకరిచ్చిన్రు నాయినా. సోమవారం రమ్మన్నరు.”

“మరెందుకు నవ్విన్రు?”

“మనం గా బర్రె అంటం సూడు, గా మాటకు నవ్విన్రు. దాన్ని మంచిగ చెప్పినందుకే నౌకరిచ్చిన్రు.”

నాయిన నా మొహం చూశాడు, స్కూలు వైపు చూశాడు. ఆ మాటను పెదవుల మీదే ఒకసారి అనుకుని చూసుకున్నాడు. తర్వాత చాయ్ బండివాడికి, దారిన పోయేవాళ్లకు, బజారు మొత్తానికి వినబడేలా అరిచాడు.

“గా పోరి నా బిడ్డ! గా బడిల టీచరు!”